జాత్యహంకారం మీద, కులం మీద మాట్లాడాలంటే ఆ పుట్టుక ఉండాల్నా? మా స్టడీ సర్కిల్లో తెగని గొడవ

తుంగభద్ర_గట్టు (కర్నూలు):

అందరికీ నమస్తే. రోంత పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. మేము కర్నూల్లో సి.క్యాంపు దగ్గర రూములు తీసుకుని గ్రూప్స్‌కి చదువుతాండాం, శనివారం సాయంత్రం అందరం ఒక మిద్దె మీద చేరి ఏదో ఒక టాపిక్ పెట్టుకుని మాట్లాడుకుంటాం, ఎస్సే పేపర్‌కి పనికొస్తాదని. పోయిన వారం టాపిక్ అమెరికా సుప్రీంకోర్టు 2023 జూన్‌లో ఇచ్చిన తీర్పు, అదే హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల్లో సీట్లు ఇచ్చేటప్పుడు జాతిని లెక్కలోకి తీసుకోకూడదని చెప్పింది కదా, అది.

మొదట బాగానే నడిచింది. ఒకడు "ఆ కోర్టులో క్లారెన్స్ థామస్ అనే జడ్జి ఉండాడు, ఆయన నల్లజాతి మనిషే, పేదరికంలో పుట్టినాడు, అట్లాంటాయనే ఈ పద్ధతి వద్దని రాసినాడంటే ఇంగ మనం మాట్లాడేదేముంది" అన్నాడు. వెంటనే ఇంకొకడు "అదే కోర్టులో కేతాంజీ బ్రౌన్ జాక్సన్ కూడా ఉంది, ఆమెదీ నల్లజాతే, ఆ తీర్పు తప్పని గట్టిగా రాసింది, మరి ఆమె మాటని ఏం చేస్తావు" అన్నాడు. ఇద్దరూ జడ్జి ఏం రాసినారో చెప్పల్యా, జడ్జి ఎవరో చెప్పి గెలవాలని చూసినారు.

తర్వాత మాట మన కులాల మీదికి వచ్చింది, ఆడ గొడవైంది. మాలో ఒక ఓసీ పిల్లోడు ఉండాడు, ఈ సబ్జెక్టు మా అందరికన్నా బాగా చదివినాడు, రాజ్యాంగ సభలో ఎవరేమన్నారో నోటికి చెప్తాడు. వాడు రిజర్వేషన్ల పక్కనే మాట్లాడతాంటే ఒకడు "నువ్వేమన్నా పడినావా? పడనోనికి దీని మీద మాట్లాడే హక్కు ల్యా" అన్నాడు. వాడు నోట్‌బుక్ మూసేసి సైలెంటైపోయినాడు. రోంత సేపటికి మా ఎస్సీ ఫ్రెండు హాస్టల్లో తనకి జరిగింది ఒకటి చెప్పబోతే ఇంకో మూల నుంచి "నువ్వట్లనే అంటావులే, లాభం నీకే కదా" అని వచ్చింది. చూడండి, ఒకని మాట ఆ పుట్టుక లేదని చెల్లల్యా, ఇంకొకని మాట ఆ పుట్టుక ఉందని చెల్లల్యా. ఇంగ మాట్లాడాల్సింది ఎవరు?

నా సంగతి కూడా చెప్తా, ఎందుకంటే నాకు ఇది ఉత్త ఎస్సే టాపిక్ కాదు. నేను బోయోన్ని. మాకు ఈడ బీసీ-ఏ. ఏరు దాటి రాయచూరు పక్క పోతే మా చిన్నమ్మ వాళ్లు నాయకులని ఎస్టీలో ఉండారు. పెండ్లికీ చావుకీ పోయొచ్చే ఒకే కుటుంబం, కానీ ఆ ఒడ్డున మా తమ్ముడు మాట్లాడితే గిరిజనుడు మాట్లాడినట్లు, ఈ ఒడ్డున నేను మాట్లాడితే బీసీ మాట్లాడినట్లు. వివక్ష మీద వాని మాటకి నా మాట కన్నా బరువు ఎక్కువ ఉంటాదా? బరువు సర్టిఫికెట్‌లో ఉందా, బతుకులో ఉందా, లేకపోతే చెప్పే మాటలోనే ఉందా? పెద్దోళ్లు, చదువుకున్నోళ్లు చెప్పండి. ఈ శనివారం మళ్లీ ఇదే టాపిక్.

సోషల్_టీచర్ (అనంతపురం):

తమ్ముడూ, మాది కళ్యాణదుర్గం పక్క పల్లె, మాదిగ ఇంట్లో పుట్టినా, ఇప్పుడు హైస్కూల్లో సోషల్ చెప్తా. నీ ప్రశ్నకి నాకు తోచింది చెప్తా.

మా ఊరి టీ అంగట్లో మా నాయన గ్లాసు చూరులో దోపి ఉండేది. ఆయనే తీసుకోవల్ల, ఆయనే కడుక్కోవల్ల, చాపితే అంగడాయప్ప చెయ్యి తగలకుండా పైనుంచి పోసేటోడు, తాగినాక మళ్లీ కడిగి ఆడనే దోపల్ల. ఇది రెండు గ్లాసుల పద్ధతి అని పుస్తకాల్లో ఉంటాది, ఎవరైనా చదివి చెప్పగలరు, దానికి నేనే ఉండాల్సిన పని లేదు. కానీ ఆ తర్వాత సంగతి వినండి. కొన్నాళ్లకి చూరులో గ్లాసులు పోయినాయి, పేపర్ కప్పులు వచ్చినాయి. కాలేజీ పిల్లోళ్లు సర్వేకి వచ్చినారు, అంగట్లో కూర్చున్నారు, టీ తాగినారు, వేరే గ్లాసులు లేవని ఫారంలో టిక్కు పెట్టుకుని పోయినారు. వాళ్లు అబద్ధం రాయల్యా, కండ్లకి కనపడింది రాసినారు. కానీ వాళ్లు తాగింది గాజు గ్లాసులో. పక్కనే నిలబడిన నాకు ఇచ్చింది పేపర్ కప్పులో. అంగడాయప్పకి ఊర్లో ఎవరెవరో తెలుసు కాబట్టి అడగకుండానే ఎవరిది వాళ్లకి ఇచ్చేస్తాడు, నోట మాట రాదు, గొడవ ఉండదు. సర్వే ఫారంలో "ఎవరికి గాజు, ఎవరికి పేపర్" అనే కాలమ్ లేదు, ఎందుకంటే ఆ ఫారం తయారు చేసినోళ్లకి పేపర్ కప్పు ఎప్పుడూ రాల్యా. నన్ను ముందే అడిగింటే ఆ కాలమ్ పెట్టమని చెప్పేదాన్ని.

పుట్టుక నాకిచ్చింది అంతవరకు. యాడ చూడాల్నో తెలుసు. దానికి మందేందో కూడా పుట్టుకతోనే తెలిసిపోదు. మాలోళ్లు, మేము, ఇద్దరం ఆ చూరు గ్లాసు చూసినోళ్లమే, కానీ 1994లో మాదిగ దండోరా ఉద్యమం మొదలైనప్పటి నుంచి ఎస్సీ వర్గీకరణ మీద, అంటే ఎస్సీ కోటాని ఉపకులాల వారీగా పంచడం మీద, ఎదురెదురుగా నిలబడినాం. 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లదంది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు చెల్లుతాదన్నారు. వర్గీకరణ న్యాయమని నేను గట్టిగా నమ్ముతా. అయితే ఎవరికి ఎన్ని ఉద్యోగాలు వచ్చినాయి, ఎవరి పిల్లోళ్లు ఏ క్లాసులో బడి మానేసినారు అని లెక్క చూపించి వాదించల్ల. నేను మాదిగని కాబట్టి ఒప్పుకో అంటే మా స్టాఫ్ రూములో మాల ఇంటి మేడమ్ కూడా అదే మాట నాతో అనగలదు, ఇంగ ఇద్దరం ఏం మాట్లాడుకుంటాం?

ఇంకో పక్క కూడా చెప్పల్ల, ఇది నాకు చానా ముఖ్యం. అమెరికాలో ఫ్రెడరిక్ డగ్లస్ అని బానిసగా పుట్టి తప్పించుకొచ్చినాయన, 1841 నుంచి బానిసత్వ వ్యతిరేక సంఘం తరఫున ఊరూరా తిరిగి మాట్లాడినాడు. ఆయన మంచి కోరిన తెల్లోళ్లే, వాళ్ల సంఘం మనిషే ఒకాయన, "నువ్వు జరిగింది చెప్పు చాలు, సిద్ధాంతం సంగతి మేం చూసుకుంటాం" అన్నాడంట. మాట తీరులో రోంత తోటల్లో పనిచేసే బానిసల యాస ఉంటేనే మంచిది, మరీ చదువుకున్నోని మాదిరి మాట్లాడితే జనం నమ్మరు అని కూడా చెప్పినారంట. డగ్లస్ వినల్యా. 1847లో సొంత పత్రిక పెట్టినాడు, అమెరికా రాజ్యాంగాన్ని ఎట్లా చదవాల్నో తనే వాదించి, తనని పైకి తెచ్చిన బానిసత్వ వ్యతిరేక ఉద్యమ నాయకుడు గారిసన్‌తోనే విభేదించినాడు.

ఇదంతా ఎందుకు చెప్తాండా అంటే, సెమినార్లకి మమ్మల్ని పిలుస్తారు, "మేడమ్ మీ అనుభవాలు చెప్పండి" అంటారు, చెప్తాం, కండ్లు తుడుచుకుంటారు, తర్వాత పాలసీ మీద సెషన్‌లో మేము ఉండం. ఏడ్చేదానికి మేము, ఆలోచించేదానికి వాళ్లు. మీ ఎస్సీ ఫ్రెండుని హాస్టల్ సంగతి చెప్పనీలేదు, అది తప్పే. చెప్పనిచ్చి ఆడికి ఆపేసింటే అది కూడా తప్పే అయ్యేది.

కడప_టు_డాలస్:

అక్కా, మీ పోస్ట్ చానా బాగుంది, పేపర్ కప్పు సంగతి నాకు నిజంగా తెలీదు. కానీ నేను రోంత డిఫర్ అవుతా. నా పాయింట్ ఏందంటే మాట నిజమా కాదా అనేది చెప్పినోని ఒంటిరంగుతో మారదు. ఎగ్జాంపుల్ చెప్తా. 2004లో ఇద్దరు ఎకనమిస్టులు, మరియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్ అని, బోస్టన్, షికాగోలో దాదాపు 5000 దొంగ రెజ్యూమేలు కంపెనీలకి పంపినారు, క్వాలిఫికేషన్ ఒకే తీరు, పేరు మాత్రం కొన్నిటికి తెల్లోళ్ల పేరు, కొన్నిటికి నల్లోళ్ల పేరు. తెల్ల పేర్లకి 50 శాతం ఎక్కువ కాల్స్ వచ్చినాయి. ఆ ఇద్దర్లో ఒక్కరు కూడా నల్లజాతి కాదు. మరి వాళ్ల స్టడీ వేస్టా? దాన్ని ఇప్పటికీ కోర్టుల్లో, క్లాసుల్లో అందరూ చెప్తారు.

ఇంకొకటి, 2023 ఫిబ్రవరిలో సియాటిల్ సిటీ కులవివక్షని బ్యాన్ చేసింది, అమెరికాలో ఫస్ట్ సిటీ అదే. ఆ ప్రపోజల్ పెట్టిన కౌన్సిల్ మెంబర్ క్షమా సావంత్ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినామె. ఆమెకి హక్కు లేదంటారా? 1932లో చూస్తే అంబేద్కర్ సెపరేట్ ఎలక్టొరేట్లు (దళితుల ప్రతినిధుల్ని దళితులే ఓటేసి ఎన్నుకోవడం) కావాలన్నాడు, మద్రాసు నుంచి ఎం.సి. రాజా అదే సమాజం లీడరే, వద్దని చెప్పి హిందూ మహాసభ లీడర్ మూంజేతో ఒప్పందం చేసుకున్నాడు. పుట్టుకే ప్రూఫ్ అయితే ఇద్దరూ కరెక్ట్ కావాల్సి వస్తాది, అది కుదరదు కదా.

అందుకే గ్రూపులో ఎవరైనా "నువ్వెవరు చెప్పడానికి" అంటే ఆర్గ్యుమెంట్ అయిపోయిందని అర్థం అని నేను అనుకుంటా.

ఇంకో మాట. ఈడ మాకు కూడా ఇవన్నీ తెలుసు. 2017లో కాన్సాస్‌లో మన తెలుగు ఇంజనీర్ని "మా దేశం నుంచి పో" అని అరిచి కాల్చి చంపినారు, ఆ వారం మా అపార్ట్‌మెంట్లో ఎవురూ రాత్రి బయటికి పోల్యా. స్టోర్లో మమ్మల్ని ఎట్లా చూస్తారో మాకు తెలుసు. అణచివేత అంటే ఏందో అనుభవించినోళ్లం కాబట్టి కులం గురించి ఎన్ఆర్ఐలు ఏమీ తెలీనట్లు మాట్లాడతారు అనేది కరెక్ట్ కాదు.

పాత_నల్లకోటు (కర్నూలు బార్):

చిరంజీవులందరికీ. ఏండ్ల తరబడి కర్నూలు కోర్టులో తిరిగినవాణ్ణి, ఎస్సీ ఎస్టీ కేసులు రెండు పక్కలా చూసినాను. కోర్టు భాషలో చెప్తాను, అర్థం చేసుకోండి.

సాక్షి తాను చూసింది, విన్నది చెప్పాలి. అభిప్రాయం చెప్పేదానికి వేరే రూలు ఉంది, నిపుణుడై ఉండాలి. 1872 సాక్ష్య చట్టం నుంచి 2024 జులైలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం దాకా ఈ తేడా అట్లనే ఉంది. సాక్షుల్లో గాయపడిన సాక్షి అని ఒకరు ఉంటారు. ఆ మనిషి మాటకి సుప్రీంకోర్టు పదేపదే ఎక్కువ విలువ ఇచ్చింది. ఎందుకు? ఒంటి మీది గాయమే ఆయన ఆ చోట ఉన్నాడని చెప్తుంది, అసలు కొట్టినవాణ్ణి వదిలిపెట్టి ఇంకొకర్ని ఇరికించాల్సిన అవసరం ఆయనకి మామూలుగా ఉండదు. అట్లని క్రాస్ ఎగ్జామినేషన్ లేకుండా వదలరు. "నువ్వు బాధితుని బంధువు కదా, అట్లనే చెప్తావు" అని డిఫెన్స్ వాళ్లు రోజూ అంటారు, మీ మిద్దె మీద ఆ ఎస్సీ పిల్లవానితో అన్నది అదే మాట. దానికి కోర్టుల జవాబు కూడా పాతదే: బంధువైనంత మాత్రాన సాక్ష్యాన్ని పారెయ్యకూడదు, జాగ్రత్తగా పరిశీలించి నమ్మదగ్గదైతే నమ్మాలి. పల్లెలో రాత్రిపూట దెబ్బలాట జరిగితే ఇంటివాళ్లు కాక ఎవరు చూస్తారు చెప్పండి.

గాయపడిన మనిషి తనకి ఎంత నొప్పి అయిందో చెప్తాడు, ఏ సెక్షన్ పెట్టాలి, ఎన్నేండ్లు వెయ్యాలి అని తీర్పు రాయడు. అయితే 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో సవరణ తెచ్చి, బెయిలు దగ్గర నుంచి శిక్ష దాకా బాధితుడు తన మాట వినిపించుకోవచ్చు అని 15ఏ సెక్షన్ పెట్టినారు. అంతకుముందు బాధితుడు సాక్షి బోనెక్కి దిగిపోయేవాడు, బెయిలు ఎప్పుడు వచ్చిందో నిందితుడు ఊర్లో కనపడితే తెలిసేది. టీచరమ్మ సెమినార్ సంగతి చదివితే నాకు అదే గుర్తొచ్చింది. తీర్పు చెప్పే అధికారం వేరే, తీర్పు చెప్పేవాళ్లు తన మాట వినితీరాలనే అధికారం వేరే. ఈ రెండోది బాధితునికి ఉండాలని నేను గట్టిగా అంటాను.

వింటే ఏమవుతుందో ఒక నిజమైన ఉదాహరణ. అమెరికా సుప్రీంకోర్టులో మొదటి నల్లజాతి జడ్జి థర్గుడ్ మార్షల్, 1967లో వచ్చినాడు, అంతకుముందు, నల్ల పిల్లలకీ తెల్ల పిల్లలకీ వేరే వేరే బడులు చెల్లవని తేల్చిన 1954 నాటి కేసు వాదించినాయన. ఆయన రిటైరైనాక 1992లో సాండ్రా డే ఓకానర్ అనే తోటి జడ్జి, చాలా కేసుల్లో ఆయనతో విభేదించినామె, ఒక వ్యాసం రాసింది. జడ్జీల గదిలో ఆయన చెప్పే అనుభవాలు తాను లోకాన్ని చూసే తీరుని మార్చినాయని. ఆమె ఓటు ప్రతిసారీ ఆయన పక్కకి మారలేదు, కానీ ఆ గదిలో ఆయన లేకపోతే ఆ సంగతులు ఎవరూ చెప్పేవాళ్లే కాదు. అదే మార్షల్ ఖాళీ చేసిన సీట్లో 1991లో కూర్చున్నాయనే క్లారెన్స్ థామస్. అదే కుర్చీ, అదే జాతి, పూర్తిగా ఎదురు అభిప్రాయం. కాబట్టి ఒక నల్లజాతి మనిషిని కూర్చోబెట్టినాం, ఇంగ న్యాయం జరిగిపోతుంది అని ఎవరూ నిద్రపోకూడదు.

డాలస్ అబ్బాయీ, నీ మొదటి సగంతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. చివరి పేరా మాత్రం నీ వాదానికే అడ్డం పడింది నాయనా. పుట్టుకతో, అనుభవంతో బరువు రాదని చెప్పి, చివర్లో మేము అమెరికాలో అనుభవించినాం కాబట్టి కులం మీద మా మాటకి విలువ ఇవ్వండి అన్నావు. నువ్వు ఆ రాత్రి పడిన భయం నిజం, దాన్ని ఎవరూ కాదనరు. కానీ ఒకచోట దెబ్బ తిన్నంత మాత్రాన ఇంకోచోటి దెబ్బ అర్థమైపోదు. భగత్ సింగ్ థింద్ కేసు చదువు, 1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చింది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినాడు, పౌరసత్వం అడిగినాడు, అప్పట్లో తెల్లవాళ్లకీ ఆఫ్రికా సంతతి వాళ్లకీ తప్ప ఇచ్చేవాళ్లు కాదు. ఆయన తరఫున ఏం వాదించినారో తెలుసా? మేము అగ్రకుల ఆర్యులం, తెల్లవాళ్లమే, పెండ్లి సంబంధాల కాడికి వస్తే నీగ్రోని మీరు ఎట్లా చూస్తారో ఇండియాలో ఆదివాసుల్ని మేమూ అట్లనే చూస్తాం అని. వివక్షకి గురైతా ఉన్న మనిషి, ఇంకొకర్ని తాము చూసే చిన్నచూపునే సాక్ష్యంగా పెట్టినారు. కోర్టు ఒప్పుకోలేదు, ఆయన ఓడిపోయినాడు, దాంతో అప్పటికే పౌరసత్వం వచ్చిన మనవాళ్లు ఎందరో దాన్ని పోగొట్టుకున్నారు. గాంధీ గారి సంగతి కూడా అంతే, దక్షిణాఫ్రికాలో 1893లో రైల్లోంచి దించినారు, ఆ తర్వాత కూడా ఆయన మొదటి ఏండ్ల రాతల్లో భారతీయుల్ని ఆఫ్రికన్లతో కలిపి లెక్కెయ్యొద్దనే వాదన ఉంది. ఆ రాతల వల్లే 2018లో ఘనా యూనివర్సిటీలో ఆయన విగ్రహం తీసేసినారు.

ఇంకొకటి రాయాలనిపించింది. మన పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య గారు 1960లో ముఖ్యమంత్రి అయినారు, దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. ఏసీబీ ఆయన హయాంలో 1961లో వచ్చింది. ఆయనని కులం గురించి మాత్రమే మాట్లాడమని కూర్చోబెట్టి ఉంటే? ఈ పుట్టుక అధికారం అనే మాటలో నాకు భయం ఇక్కడే. దళితుడు కులం మీదే, ముస్లిం మతం మీదే, ఆడమనిషి ఆడవాళ్ల మీదే మాట్లాడాలి, బడ్జెట్ మీద, నీళ్ల మీద, చట్టం మీద అందరి తరఫునా మాట్లాడేది మాత్రం మిగిలినవాళ్లు.

పెన్న_ఒడ్డు_అమ్మాయి (ప్రొద్దుటూరు):

నమస్తే అంకుల్, అక్కా. నేను రెడ్ల అమ్మాయిని. నోట్‌బుక్ మూసేసినాడే ఆ ఓసీ అబ్బాయి గురించే నాకు చెప్పాలనిపించింది, ఎందుకంటే అందరూ బాధపడినోళ్లనే సాక్షి అంటాండారు, ఇంకో సాక్షి ఉండాడు కదా.

మాకు ఊర్లో రెండు పోర్షన్ల ఇల్లు ఉంది, ఒకటి బాడుగకి ఇస్తాం. టు లెట్ బోర్డు చూసి వస్తారు. మా నాయన ఎవరినీ కులం అడగడు, మంచి మర్యాదగా కూర్చోబెట్టి నీళ్లిచ్చి, ఇంటిపేరు ఏంది, సొంతూరు యాడ, ఆ ఊర్లో ఫలానా వాళ్లు తెలుసా అని మాట్లాడతాడు. ఒకసారి ఒక బ్యాంకు ఉద్యోగి, భార్య, చిన్న పాప వచ్చినారు. పాప మా మెట్ల మీద ఆడుకుంది. అడ్వాన్సు కూడా మాట్లాడుకున్నారు. వాళ్లు గేటు దాటినాక మా నాయన లోపలికొచ్చి మా అమ్మతో "వాళ్లు మనోళ్లు కాదే, అదీ..." అని ఒక మాట అన్నాడు, ఆ మాట ఈడ రాయను. పొద్దున్నే ఫోన్ చేసి "ఏమనుకోవద్దు సార్, మా చిన్నాయన కొడుకు వస్తాడంట, ముందే మాటిచ్చినాం" అని చెప్పినాడు. ఆయన ఫోన్లో పర్వాలేదు సార్ అన్నాడు. మాకు చిన్నాయన కొడుకే ల్యాడు.

ఇప్పుడు చెప్పండి, ఆ బ్యాంకు ఆయన ఇది వివక్ష అంటే ప్రూఫ్ ఏముంది? ఆయనకి అనుమానం ఉంటాది, అంతే. "ప్రతిదానికీ కులం తీసుకొస్తావు, వాళ్ల చుట్టమే వచ్చినాడేమో" అంటారు. ప్రూఫ్ ఉండేది నా దగ్గర, మా అమ్మ దగ్గర, మా వంటింట్లో. మా పుట్టుక మాకు ఇచ్చిన సాక్ష్యం అది. మాలో ఎవరూ బయటికి చెప్పరు కాబట్టి అది జరగనట్లే ఉంటాది.

డాలస్ అన్నా చెప్పిన రెజ్యూమే స్టడీ మాదిరిదే మన దేశంలోనూ జరిగింది, 2007లో వచ్చింది, సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ చేసినారు, ఉద్యోగాలకి అప్లికేషన్లు పంపి చూసినారు, దళిత ఇంటిపేరు, ముస్లిం పేరు ఉంటే పిలుపులు తక్కువ. థోరట్ గారు దళిత కుటుంబం నుంచి వచ్చినాయన, అట్వెల్ అమెరికా ప్రొఫెసర్. యాడ వెతకాల్నో తెలిసినాయన, బయటాయన ఇద్దరూ కలిసి చేసిన పని అది, నాకు ఆ కలిసి చెయ్యడం నచ్చింది. కాబట్టి తుంగభద్ర అన్నా, ఆ అబ్బాయిని దయచేసి మళ్లీ పిలవండి, కానీ రాజ్యాంగ సభలో ఎవరేమన్నారో ఒక్కటే కాదు, వాళ్లింట్లో ఏమంటారో కూడా చెప్పమనండి. వానికి అది కష్టం. మా నాయన మంచోడు, నన్ను చదివించినాడు, ఆయన గురించి ఇట్లా రాయడం నాకూ కష్టంగానే ఉంది.

కడప_టు_డాలస్:

లాయర్ సార్, థింద్ కేసు మొత్తం కూర్చుని చదివినా. ఆ వాదన అట్లనే ఉంది. మీరు చెప్పిన తేడా ఒప్పుకుంటా, ఈడి భయం ఈడి సంగతికే సాక్ష్యం. కానీ నా మొదటి పాయింట్ నేను వదలను సార్. మీ గాయపడిన సాక్షి రూలు కోర్టులో పనిచేస్తాది, ఆడ జడ్జి ఉంటాడు, క్రాస్ ఉంటాది. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో క్రాస్ యాడుంది? ఎవరైనా ఒకరు "నేను బాధితుణ్ణి" అంటే ఇంగ ప్రశ్న అడిగినోడు దుర్మార్గుడు. అడగనీకుండా చేసే మాటకి నేను తల ఊపలేను.

సోషల్_టీచర్ (అనంతపురం):

అడుగు నాయనా, నిన్ను ఎవరూ అడగొద్దనల్యా. కానీ ఏం అడుగుతావో చూసుకో. "ఎప్పుడు జరిగింది, ఆడ ఇంకెవరుండారు, తర్వాత ఏం చేసినావు" అని అడిగితే నేను రాత్రంతా కూర్చుని చెప్తా. "నిజంగా కులం వల్లేనా, నువ్వే అట్లా అనుకున్నావేమో" అనేది మొదటి ప్రశ్నగా వస్తే ఆడికే అర్థమైపోతాది, వినడానికి రాల్యా అని. ప్రొద్దుటూరు అమ్మాయి వంటింట్లో మాట చెప్పేదాకా ఆ బ్యాంకాయన దగ్గర నీ ప్రశ్నకి జవాబు ఉండదు, జవాబు లేనందుకు ఆయన మాట తప్పైపోదు కదా.

ఎం.సి. రాజా గురించి కూడా ఒకటి చెప్పల్ల. అంబేద్కర్, రాజా ఇద్దరూ ఒప్పుకోలేదు, నిజమే, అందుకే పుట్టుకే ప్రూఫ్ కాదని నేనూ అన్నా. కానీ 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశంలో అంటరానివాళ్లకి తానే ప్రతినిధినని గాంధీ గారు అన్నప్పుడు, అంబేద్కర్ అడ్డం పడినాడు. అంబేద్కర్, రాజా ఇద్దరిలో ఎవరు కరెక్టో తేలేది తర్వాత సంగతి, మా తరఫున ఇంకొకరు మాట్లాడేస్తే మాలో ఇద్దరికి రెండు అభిప్రాయాలు ఉండాయని కూడా లోకానికి తెలీదు.

తుంగభద్ర_గట్టు:

అందరికీ చానా థ్యాంక్స్. రాత్రి మా రూములో ఇదంతా చదివి వినిపించినా, ఓసీ పిల్లోడు కూడా ఉన్నాడు, శనివారం వస్తా అన్నాడు. నా బోయ సంగతి మాత్రం ఎవరూ ముట్టుకోల్యా. లాయర్ సార్, మీరేమంటారు?

పాత_నల్లకోటు (కర్నూలు బార్):

బాబూ, ఎస్టీ జాబితా ఆర్టికల్ 342 కింద రాష్ట్రానికి ఒకటి ఉంటుంది. రాష్ట్రం గీత ఏటి మధ్యలో పడింది కాబట్టి మీ కుటుంబం రెండు జాబితాల్లో పడింది. మన రాష్ట్రంలోనే ఏజెన్సీలో వాల్మీకులు ఎస్టీ, మైదానంలో బోయలు బీసీ-ఏ. నీ సర్టిఫికెట్ ఏదైనా నీకు జరిగింది నీకు జరిగినట్లే, దాని మీద నీ సాక్ష్యానికి రాయచూరు తమ్మునికి ఉన్నంత విలువా ఉంది. కానీ బోయల్ని ఎస్టీలో చేర్చాలా వద్దా అనేది సాక్ష్యం కాదు, నిర్ణయం. 2023 మార్చిలో మన అసెంబ్లీ చేర్చమని తీర్మానం చేసింది, ఏజెన్సీ గిరిజనులు దాని మీద బంద్ చేసినారు. అక్కడ నువ్వు సాక్షివి మాత్రమే కాదు, కక్షిదారువి కూడా. వాళ్ల మాట విన్నావా?

తండా_నుంచి (పత్తికొండ):

ఈ థ్రెడ్ మొదటి నుంచి చదువుతాండా, ఇప్పుడు రాయాల్సొచ్చింది. నేను సుగాలి (లంబాడీ), మేము ఎస్టీలో ఉండాం. బోయ అన్నకి కష్టం లేదని నేను అనను, మా పక్క పల్లెల్లో వాళ్లు ఎట్లా బతుకుతాండారో నాకు కనపడతాది, వానలు లేని ఏడు వాళ్లూ మా మాదిరే బెంగళూరు, గుంటూరు పనులకి పోతారు. కానీ మన రాష్ట్రంలో ఎస్టీకి ఉండేది 6 శాతం. బోయలు ఎంతమందో ఈ జిల్లాల్లో అందరికీ తెలుసు. వాళ్లు వచ్చి చేరితే, తండాలో ఇప్పుడిప్పుడే డిగ్రీ అయిన మా చెల్లెలికి ఏమొస్తాది? ఇది కోపంతో అడగడం ల్యా అన్నా, లెక్క అడుగుతాండా. మీరు రాయచూరు తమ్ముని సర్టిఫికెట్ చూపిస్తాండారు, మేము 6 అంకె చూపిస్తాండాం, ఇద్దరం పడినోళ్లమే.

మీ సర్కిల్లో సుగాలి పిల్లోళ్లు ఎవరన్నా ఉండారా? లేకపోతే నేను కర్నూల్లోనే బి.క్యాంపులో ఉంటా, శనివారం ఖాళీనే. ఏ మిద్దె, ఎన్ని గంటలకో చెప్పండి. 6 శాతం పెంచకుండా చేర్చాల్నా, పెంచి చేర్చాల్నా, లేకపోతే బోయలకి బీసీలోనే వేరే కోటా అడగాల్నా అని మాట్లాడుకుందాం. ఎవరి లెక్కలు వాళ్లు తెచ్చుకోవల్ల.